బాబు ఫిట్స్‌కి సీబీడీ మందు రాశారు. ఉండేది టెక్సాస్, వీసా హెచ్1బీ. ఏం చెయ్యాలో తోచడం లేదు

సుజాత_ఫ్రిస్కో | అక్టోబరు 4, 2025, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈ రాత్రి నిద్ర పట్టక రాస్తున్నాను.

మా బాబుకి 7 ఏళ్లు, బరువు 22 కిలోలు. మూడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ అని రెండేళ్ల క్రితం తేల్చారు. లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందు వాడి ఆపేశాం, ఇప్పుడు వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ నడుస్తున్నాయి. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. చేతులు అడ్డం పెట్టుకునే టైం కూడా ఉండదు. అందుకే ఇంట్లో కూడా హెల్మెట్ తియ్యం. వంటింట్లో గుళ్లో ఇచ్చిన తెలుగు క్యాలెండరు ఉంది. పడ్డప్పుడల్లా ఆ రోజు గడిలో ఎర్ర పెన్నుతో ఒక గీత పెడతాను. సెప్టెంబరు పేజీలో తిథులు కనబడటం లేదు. లెక్కపెడితే 143 గీతలు.

మొన్న న్యూరాలజిస్టు గారు ఎపిడయోలెక్స్ మొదలుపెడదాం అన్నారు. ఇంటికొచ్చి చదివితే గంజాయి మొక్కలోంచి తీసిన సీబీడీ అనే మందు అని ఉంది. మావారికి వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఆయనది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్4. బాబు ఇక్కడే పుట్టాడు. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం. "ఆ పేరు మన ఫైల్లో ఎక్కడైనా పడితే పదేళ్ల కష్టం పోతుంది" అంటారు. ఒంగోలులో మా అత్తయ్య వీడియో కాల్‌లో ఏడ్చేశారు, పసివాడికి గంజాయి పోస్తారా అని.

ఇంకోపక్క తెలిసినావిడ ఒకరు టెక్సాస్ గవర్నమెంటే ఒక నూనె ఇస్తుంది, అది ఇంకా బలమైనది అంటున్నారు. పక్కింటివాళ్లు షాపులో కొన్న సీబీడీ గమ్మీల డబ్బా తెచ్చి ఇచ్చారు. ఈ మూడూ ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

---

ఫార్మసిస్ట్_లక్ష్మి (హ్యూస్టన్) | అక్టోబరు 5, ఉదయం 6:15

సుజాతా, ముందు ఆ గమ్మీల డబ్బా అల్మారా పైఅరలోకి ఎక్కించెయ్యి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

ఆ మూడూ ఒకే మొక్కవి, కానీ చట్టం దృష్టిలో మూడు వేర్వేరు వస్తువులు. మొక్కలో మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ. సీబీడీకి ఆ మత్తు లేదు. ఎపిడయోలెక్స్ అంటే శుద్ధి చేసిన సీబీడీ, మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు. 2018 జూన్‌లో, మందులకి అనుమతిచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, అదీ సరిగ్గా లెనాక్స్-గాస్టోకి, డ్రావే సిండ్రోమ్ అనే ఇంకో మొండి మూర్ఛకే. 2020లో ట్యూబరస్ స్క్లీరోసిస్ అనే జబ్బులో వచ్చే ఫిట్స్‌కి కూడా ఇచ్చారు. మొదట్లో దాన్ని నియంత్రిత మందుల జాబితాలో అన్నిటికంటే తేలికైన షెడ్యూల్ 5లో పెట్టారు. 2020 ఏప్రిల్‌లో అక్కడినుంచి కూడా తీసేశారు. అంటే ఫెడరల్ లెక్కలో ఈరోజు అది నియంత్రిత మందు కూడా కాదు. మా కౌంటర్లో యాంటీబయాటిక్ ఇచ్చినట్టే ఇస్తాం, 50 రాష్ట్రాల్లోనూ.

మీ స్నేహితురాలు చెప్పింది టెక్సాస్ కంపాషనేట్ యూజ్ ప్రోగ్రామ్ గురించి. అందులో టీహెచ్‌సీ ఉంటుంది. రాష్ట్రం ఒప్పుకుంది, ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు. మీ వీసాకి తేడా పడేది సరిగ్గా అక్కడే. అది నాకంటే తెలిసినవాళ్లు చెప్తారు.

ఇక గమ్మీలు. వాటిని పరీక్షించేవాళ్లు లేరు. 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఆన్‌లైన్‌లో 84 సీబీడీ సరుకులు కొని ల్యాబులో చూస్తే లేబుల్ మీద రాసినంత ఉన్నవి 31 శాతమే. 18 వాటిలో టీహెచ్‌సీ ఉంది. ఇంకో లెక్క చెప్తాను. లెనాక్స్-గాస్టోకి పూర్తి మోతాదు రోజుకి కిలోకి 20 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది. మీవాడి బరువుకి 440 మిల్లీగ్రాములు. 25 మిల్లీగ్రాముల గమ్మీలైతే రోజుకి 17, 18 తినాలి. అందులో ఏముందో తెలియకుండా అన్ని గమ్మీలు ఏ తల్లి పెడుతుంది?

---

హేమంత్_ఆస్టిన్ | అక్టోబరు 5, ఉదయం 9:02

ఆ రాష్ట్ర ప్రోగ్రామ్‌లో నేను పేషెంటుని. మల్టిపుల్ స్క్లీరోసిస్, నరాల జబ్బు. కాళ్లు బిగుసుకుపోయి రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. 2021 నుంచి వాడుతున్నాను. నేను సిటిజన్ని, ఆ సంగతి ముందే చెప్తున్నాను. వీసా మీద ఉన్నవాళ్లకి లెక్క వేరు.

2015లో గవర్నర్ అబాట్ మొదటి చట్టం మీద సంతకం పెట్టినప్పుడు అది మొండి మూర్ఛ ఉన్నవాళ్లకి మాత్రమే. రెండు మందులు పనిచెయ్యలేదని తేలాలి, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. టీహెచ్‌సీ అర శాతం దాటకూడదు. తయారుచేసే కంపెనీలకి లైసెన్సులు 2017లో గానీ రాలేదు, అదీ మూడే మూడు, అంత పెద్ద రాష్ట్రానికి. 2019లో నా జబ్బుని, ఆటిజాన్ని, చివరి దశ క్యాన్సర్‌ని చేర్చారు, రెండో డాక్టరు షరతు తీసేశారు. 2021లో క్యాన్సర్ మొత్తం, పీటీఎస్‌డీ (పెద్ద షాక్ తర్వాత మనసుకి వచ్చే జబ్బు) వచ్చాయి, టీహెచ్‌సీ ఒక శాతానికి పెంచారు. ఈ సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం, హెచ్‌బీ 46. శాతాల లెక్క పోయి డోసుకి 10 మిల్లీగ్రాముల లెక్క వచ్చింది. దీర్ఘకాలపు నొప్పి, పేగులకి వచ్చే క్రోన్స్ జబ్బు చేరాయి. లైసెన్సులు 15 దాకా ఇవ్వాలి.

పేపర్లో చదివితే పదేళ్లలో తలుపు మెల్లగా తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. పేషెంటుగా నేను చూసింది వేరు. మొన్నటిదాకా మందుని వేరే ఊళ్లో రాత్రిపూట నిల్వ ఉంచే వీల్లేదు. పొద్దున ఆస్టిన్ చుట్టుపక్కలనుంచి వ్యాను బయల్దేరాలి, మిగిలిన సరుకు మళ్లీ రాత్రికి వెనక్కి రావాలి. ఎల్ పాసోలో ఉన్న పేషెంటు గురించి ఆలోచించండి, 570 మైళ్లు. ఆ ఖర్చంతా మందు ధరలో పడేది. ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. చాలామంది విసిగిపోయి రోడ్డు పక్క షాపులకే పోయారు. నేనూ ఒక ఏడాది ఆపేశాను.

ఇంకో సంగతి. ఇదే రాష్ట్రంలో ప్రోగ్రామ్ బయట టీహెచ్‌సీ గాఢరసం ఉన్న వేప్ కార్ట్‌రిడ్జ్ ఒక్కటి జేబులో దొరికినా ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. గ్రాము లోపలైనా 180 రోజుల నుంచి రెండేళ్ల దాకా జైలు. కొలరాడో నుంచి కారులో తెచ్చుకుందాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడితో మానెయ్యండి.

---

వేణు_ఎడిసన్ | అక్టోబరు 5, మధ్యాహ్నం 1:30

ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసులో 14 ఏళ్లుగా పని చేస్తున్నాను. లాయర్ని కాను. మీ కేసుకి మీ లాయర్‌తోనే మాట్లాడాలి. అయినా ఈ విషయంలో మనవాళ్లకి పెద్ద పొరపాటు అభిప్రాయం ఉంది కాబట్టి రాస్తున్నాను.

రాష్ట్రం అనుమతి ఇస్తే చాలు, ఇక నాకేం కాదు అనుకుంటారు. వీసా, గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ మూడూ ఫెడరల్ వ్యవహారాలు. ఫెడరల్ చట్టంలో గంజాయి 1970 నుంచీ అన్నిటికంటే కఠినమైన షెడ్యూల్ 1లోనే ఉంది. శిక్ష పడక్కర్లేదు, అరెస్టు కూడా అక్కర్లేదు. "అవును, వాడాను", "అవును, నా దగ్గర ఉంది" అని ఆఫీసరు ముందు ఒప్పుకున్నా అది మీకు అడ్డం పడొచ్చు. 2019 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఇంకా స్పష్టంగా రాసింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పని సిటిజన్‌షిప్‌కి చూసే సత్ప్రవర్తన లెక్కలో వ్యతిరేకంగా పడొచ్చని. గ్రీన్ కార్డు మెడికల్‌లో కూడా డాక్టరు డ్రగ్స్ వాడకం గురించి అడుగుతారు.

సుజాత గారూ, ఇది మీకు ఎక్కడ వర్తిస్తుందంటే, రాష్ట్ర ప్రోగ్రామ్ నూనె విషయంలో. పేషెంటు మీ బాబే, వాడు సిటిజనే. కానీ సీసా కొనేది, ఇంట్లో పెట్టుకునేది మీరిద్దరు. ఆ దారిలో వెళ్లే ముందు లాయర్ సలహా తప్పనిసరి. ఎపిడయోలెక్స్ సంగతి పూర్తిగా వేరు. డాక్టరు రాసిన, ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మందు, నియంత్రిత జాబితాలో లేని మందు. మీవారు భయపడుతున్న ఇబ్బంది ఇందులో నాకు కనబడటం లేదు. ఆయనకి ఈ రాత్రే చెప్పండి.

---

నరసింహం_ప్లేనో | అక్టోబరు 5, రాత్రి 8:10

నేను వేరే మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. నేను పాడేరు ఏజెన్సీలో 11 ఏళ్లు టీచరుగా చేశాను. గంజాయి మూటలు మోస్తూ దొరికిపోయి జైలుకెళ్లిన పిల్లల్లో నా దగ్గర చదివినవాళ్లు ఉన్నారు. ఇచ్చేవాడు మూటకి నాలుగు వేలు ఇస్తాడు, పట్టుబడితే కుర్రాడి పదేళ్లు పోతాయి. ఆంధ్రలో ఇప్పుడు ఈగల్ పేరుతో ప్రత్యేక దళమే పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ మొక్కని మందు అని పిలవడం మొదలుపెడితే ఇళ్లలో భయం పోతుంది. ఆ భయమే ఇన్నాళ్లూ పిల్లల్ని కాపాడింది. మీ బాబు కష్టం నాకు అర్థమవుతుంది అమ్మా. కానీ కొంచెం ఆలోచించండి.

---

సుజాత_ఫ్రిస్కో | అక్టోబరు 5, రాత్రి 10:25

మాస్టారూ, మీరు చూసినవాటిని నేను కాదనను. మా మేనమామ కొడుకు కాలేజీలో దానివల్లే పాడైపోయాడు. మా ఇంట్లో ఆ పేరు వింటే వచ్చే భయానికి అసలు కారణం అదే.

కానీ ఈ సాయంత్రం సంగతి చెప్తాను. స్నానం చేయించి తుడుస్తున్నాను. హెల్మెట్ తీసిన ఆ రెండు నిమిషాల్లోనే పడ్డాడు. టబ్బు అంచు తగిలి కనుబొమ్మ మీద చీలింది. నాలుగు కుట్లు. నాకు ఇప్పుడు ఆ భయం కంటే ఈ భయం పెద్దది.

---

డా. భాస్కరరావు (కాకినాడ, ప్రస్తుతం డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గర) | అక్టోబరు 6, ఉదయం 7:45

నేను పిల్లల వైద్యుడిని, రిటైరయ్యాను. నరసింహం మాస్టారి ఆవేదనని గౌరవిస్తూనే ఒక మాట. నల్లమందులోంచి మార్ఫిన్ వచ్చింది. క్యాన్సర్ వార్డులో మార్ఫిన్ ఇస్తున్నప్పుడు మనం రోగి చేతిలో నల్లమందు పెడుతున్నామని అనుకోం. ఇక్కడైతే ఇంకా తేలిక, సీబీడీకి మత్తే లేదు.

అయితే ఇది అద్భుతం చేస్తుందని కూడా అనుకోవద్దమ్మా. 2013లో కొలరాడోలో షార్లెట్ ఫిగి అనే పాప కథ టీవీలో వచ్చింది. వారానికి మూడు వందల ఫిట్స్ దాకా వచ్చే పిల్ల ఈ నూనెతో లేచి తిరిగింది. ఆ పాపని చూసే చాలా రాష్ట్రాలు చట్టాలు మార్చాయి. ఆ కథ విన్న ప్రతి తల్లీ తన బిడ్డకీ అలాగే అవుతుందని ఆశ పెట్టుకుంటుంది. పరీక్షల్లో తేలింది ఇది: లెనాక్స్-గాస్టో ఉన్నవాళ్లలో పూర్తి మోతాదు మీద, పడిపోయే ఫిట్స్ సగటున 42 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 17 శాతం. పూర్తిగా ఆగిపోయినవాళ్లు బహు తక్కువ. నూరు ఫిట్స్ ఎనభై కావచ్చు, అరవై కావచ్చు. కొందరిలో ఆ లెక్క అసలు కదలదు. అది ముందే మనసులో ఉంచుకుంటే తర్వాత కుంగిపోరు.

మీ బాబు వాల్‌ప్రోయేట్ మీద ఉన్నాడు కాబట్టి లివర్ ఎంజైములు జాగ్రత్త. మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష, తర్వాత నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి. క్లోబజామ్‌తో కలిస్తే మగతగా ఉంటాడు, ఎందుకంటే ఈ మందు క్లోబజామ్‌ని ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది. అప్పుడు డాక్టరు క్లోబజామ్ తగ్గిస్తారు. మీరు తగ్గించకండి. ఆకలి తగ్గడం, విరేచనాలు కూడా కొందరిలో చూస్తాం. నువ్వులు పడనివాళ్లకి ఇవ్వకూడదు, మందు కలిపేది నువ్వుల నూనెలోనే.

మీ అత్తగారితో నన్ను మాట్లాడమంటే మాట్లాడతాను. మొహమాటపడవద్దు.

---

రమేష్_కమ్మింగ్ (జార్జియా) | అక్టోబరు 6, సాయంత్రం 5:50

టెక్సాస్‌లో వ్యాను తిరిగేది, మాకు అదీ లేదు. మా పాపకి ఇప్పుడు 16. జార్జియాలో 2015 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. 5 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న నూనె 20 ఔన్సుల దాకా ఇంట్లో పెట్టుకోవచ్చన్నారు. కార్డు ఇచ్చారు, పర్సులో పెట్టుకున్నాం. కొనడానికి మాత్రం రాష్ట్రం మొత్తమ్మీద ఒక్క షాపు లేదు. పెంచడానికి లేదు, తయారుచెయ్యడానికి లేదు, బయటనుంచి తేవడం ఫెడరల్ నేరం. మొదటి షాపులు తెరిచింది 2023 ఏప్రిల్‌లో, మేకన్‌లో, మారియెట్టాలో. ఎనిమిదేళ్లు.

ఆ ఎనిమిదేళ్లలో మా సపోర్టు గ్రూపులో తల్లిదండ్రులు ఏం చేశారో నాకు తెలుసు. రాయను. రాత్రిపూట రాష్ట్రాల సరిహద్దులు దాటిన చర్చి పెద్దలున్నారు, అంతే చెప్తాను. నేను అప్పుడు హెచ్1బీ. ఆ పని చెయ్యలేకపోయాను. చెయ్యలేదని పాప ముందు ఎన్నిసార్లు తల దించుకున్నానో. 2018 చివర్లో ఎపిడయోలెక్స్ బజార్లోకి వచ్చిందని తెలిసినప్పుడు ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. సుజాత గారూ, మీ ముందు ఉన్న దారి మాకు అప్పుడు లేదు. వదులుకోవద్దు.

ఒక్క హెచ్చరిక, ఇన్సూరెన్స్. మందు వచ్చినప్పుడు ఏడాదికి 32,500 డాలర్లు అని చెప్పారు. మొదటిసారి కాదంటారు. కాదన్నారని ఆగిపోవద్దు.

---

అజ్ఞాత సభ్యుడు | అక్టోబరు 7, రాత్రి 12:20

లక్ష్మి గారు గమ్మీల గురించి చెప్పింది నిజం. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఇండియానుంచి వచ్చినప్పుడు పెట్రోలు బంకు పక్క షాపులో "సీబీడీ, నొప్పులకి" అని ఉంటే కొనిచ్చాను. రెండు తిన్నారు. గంటన్నరకి గోడ పట్టుకుని "గది తిరుగుతోందిరా, అమ్మని పిలువు" అంటున్నారు. నానమ్మ పోయి ఇరవై ఏళ్లు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే యూరిన్‌లో టీహెచ్‌సీ వచ్చింది. విజిటర్ వీసా మీద ఉన్న 72 ఏళ్ల మనిషి రికార్డులో ఆ మాట పడింది, నా చేతులతో నేను చేసిన పని. ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నేనూ మొదటిసారి ఇక్కడే చెప్తున్నాను.

---

ఫార్మసిస్ట్_లక్ష్మి | అక్టోబరు 7, ఉదయం 6:05

తమ్ముడూ, తప్పు నీది కాదు. 2018లో వచ్చిన వ్యవసాయ చట్టం ఫార్మ్ బిల్లులో హెంప్ (అమ్మకానికి వీలిచ్చిన గంజాయి జాతి మొక్క) అంటే డెల్టా-9 అనే రకం టీహెచ్‌సీ 0.3 శాతం లోపు అని రాశారు. ఎండిన ఆకుకి ఆ లెక్క సరిపోతుంది. బరువైన గమ్మీలో 0.3 శాతం అంటే మనిషికి మత్తెక్కేంత. ఆ సందులోంచే ఈ షాపులన్నీ పుట్టాయి. టెక్సాస్ అసెంబ్లీ వీటిని మొత్తంగా నిషేధిస్తే జూన్‌లో గవర్నర్ వీటో చేశారు. సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చి 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదన్నారు. ఆ వయసు దాటిన మీ నాన్నగారిని ఆ ఉత్తర్వు కూడా కాపాడేది కాదు.

నాకు ఇందులో బాధ కలిగించేది ఇది. ఒళ్లు సహకరించని హేమంత్‌కి డాక్టరు, రిజిస్ట్రీ, వ్యాను, మూడు కంపెనీలు. ఏ జబ్బూ లేనివాడికి రోడ్డు పక్కన డబ్బా. చట్టం రోగి దగ్గరే గట్టిగా ఉంది.

---

పద్మజ_గుంటూరు | అక్టోబరు 8 (ఇక్కడ పొద్దున్న)

సుజాతక్కా, మా పాపకి కూడా ఇదే జబ్బు, 9 ఏళ్లు. మీరందరూ చెప్తున్న ఆ సీసా ఒక్కటి ఎవరైనా సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చిపెడతారా? డబ్బు ముందే పంపిస్తాను. ఇక్కడ ఆన్‌లైన్‌లో "విజయ" అని ఆయుర్వేదం నూనె కనిపిస్తోంది. అదైనా వాడొచ్చా? పాప పడ్డప్పుడు మా వీధిలోవాళ్లు ఇప్పటికీ తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడుతున్నారు. నేను ఒక్కదాన్నే పోరాడుతున్నాను.

---

డా. భాస్కరరావు | అక్టోబరు 8, ఉదయం 8:30

అమ్మా పద్మజా, సూట్‌కేసు ఆలోచన మాత్రం వద్దు. గంజాయి నుంచి తీసినది ఏదైనా అనుమతి లేకుండా దేశంలోకి తెస్తే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లకి సీసా మీద లేబుల్ చూపించి ఒప్పించగలమని అనుకోవడం సాహసం. తెచ్చినవాళ్లూ ఇరుక్కుంటారు, తెప్పించుకున్న నువ్వూ ఇరుక్కుంటావు.

విజయ సంగతి. ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఆ కొసలు లేని ఉత్త ఆకు ఆ నిర్వచనంలో లేదు. ఆ వీలుతోనే ఆయుర్వేద మందులకిచ్చే ఆయుష్ లైసెన్సు మీద ఆకునుంచి తీసిన మందులు అమ్ముతున్నారు. కానీ ఔషధ నియమాల్లో భంగు, అంటే ఈ ఆకే, విషపదార్థాల జాబితాలో ఉంది, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. పైగా ఆకులో టీహెచ్‌సీ ఉంటుంది. పెరిగే మెదడుకి, అందులోనూ మూర్ఛ ఉన్న పిల్లకి, అది మంచిది కాదు. ఎపిడయోలెక్స్ మీద జరిగిన పరీక్షల ఫలితాలని ఆ నూనెకి అంటగట్టలేం.

నీకు వేరే దారులున్నాయి. కీటోజెనిక్ డైట్ చేశారా? నూనె, వెన్న ఎక్కువ, అన్నం దాదాపు సున్నా. డైటీషియన్ లేకుండా చెయ్యకూడదు. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీ విభాగానికి వెళ్లి చూపించు. తిరువనంతపురం శ్రీచిత్రలో మూర్ఛకి ప్రత్యేక కేంద్రమే ఉంది, ఆపరేషన్ పనికొస్తుందా అన్నది కూడా వాళ్లు తేలుస్తారు. పాత ఎంఆర్ఐ, ఈఈజీ, వాడిన మందుల పేర్లు, ఎప్పుడు ఎందుకు ఆపారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. ఆ కాగితం లేకపోతే అన్నీ మొదటినుంచి మొదలుపెడతారు.

తాళాల గుత్తి పెట్టేవాళ్లతో గొడవపడకు. పక్కకి తిప్పి పడుకోబెట్టమని, నోట్లో ఏమీ పెట్టొద్దని నేర్పించు. అంత చాలు.

---

సుజాత_ఫ్రిస్కో | అక్టోబరు 29, 2025

ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి. మావారు వేణు గారి పోస్టు మూడుసార్లు చదివారు. తర్వాత మా లాయర్‌తో అరగంట మాట్లాడారు. డాక్టరు గారు మా అత్తయ్యతో 40 నిమిషాలు మాట్లాడారు. ఫోన్ పెట్టేశాక అత్తయ్య అడిగింది ఒకటే: "పెరుగన్నంలో కలిపి పెట్టొచ్చా?"

ఇన్సూరెన్స్ మొదటిసారి కాదంది. రెండు మందులు విఫలమైనట్టు రుజువు లేదట. న్యూరాలజిస్టు ఆఫీసులో నర్సు గారు లామోట్రిజిన్ ఆపిన తేదీ వెతికి, కుట్లు వేసిన రోజు ఎమర్జెన్సీ రిపోర్టు జత చేశారు. నేను క్యాలెండరు పేజీలు ఫోటో తీసి పంపాను, జనవరి నుంచి సెప్టెంబరు దాకా. అవి పనికొస్తాయని అనుకోలేదు. అప్పీలు పెట్టిన 9 రోజులకి ఒప్పుకున్నారు.

నిన్న సీసా వచ్చింది. రక్తపరీక్ష అయింది. మొదటి డోసు 0.55 మిల్లీలీటర్లు, పొద్దున, రాత్రి. పసుపురంగు నూనె, స్ట్రాబెర్రీ వాసన. సిరంజిలో ఆ గీత దగ్గర ఆపడానికి నా చెయ్యి వణికింది. బుగ్గ లోపలికి మెల్లగా వదిలాను. వాడు మూతి ముడిచి, "ఇంకోటి చాక్లెట్‌ది లేదా?" అన్నాడు.

---

ఫార్మసిస్ట్_లక్ష్మి | అక్టోబరు 29

ప్రతిసారీ ఒకేలా ఇవ్వు. అన్నం తర్వాత అయితే రోజూ అన్నం తర్వాతే, ఒక రోజు ఖాళీ కడుపున, ఒక రోజు నెయ్యి అన్నంతో వద్దు. కొవ్వుతో ఈ మందు ఒంటికి ఎక్కువ పడుతుంది. సీసా తెరిచిన తేదీ మూత మీద రాసుకో, 12 వారాల తర్వాత మిగిలింది వాడకూడదు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

---

హేమంత్_ఆస్టిన్ | నవంబరు 14, 2025

వార్త చూశారా? ఫెడరల్ గవర్నమెంటు షట్‌డౌన్ ముగించిన బిల్లులో హెంప్ నిర్వచనం మార్చేశారు. ఇకనుంచి మొత్తం టీహెచ్‌సీ లెక్క, డబ్బాకి 0.4 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏడాది తర్వాత, 2026 నవంబరులో అమల్లోకి వస్తుంది. బంకు పక్క గమ్మీలతో పాటు నిజాయితీగా చేసే చాలా సీబీడీ నూనెలు కూడా పోతాయి. నాకు తెలిసిన ఒక పెద్దావిడ వాటితోనే నెట్టుకొస్తున్నారు. ఆవిడని రాష్ట్ర ప్రోగ్రామ్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. దీర్ఘకాలపు నొప్పి ఇప్పుడు జాబితాలో ఉంది కదా.

---

వేణు_ఎడిసన్ | డిసెంబరు 20, 2025

ఆఫీసుకి ఫోన్లు ఆగడం లేదు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను. 18న ప్రెసిడెంట్ గంజాయిని షెడ్యూల్ 1 నుంచి అంతకంటే తేలికైన షెడ్యూల్ 3కి మార్చే పని త్వరగా చెయ్యమని ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన జాబితా మారిపోలేదు. మారినా డాక్టరు రాసిన ఎఫ్‌డీఏ మందుకే చట్టరక్షణ, గంజాయి అమ్మే డిస్పెన్సరీల సరుకుకి కాదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఎవ్వరూ ఈ వార్త చూసి ఏదీ కొనకండి. ఫోన్లో గమ్మీలతో ఫోటోలు కూడా ఉంచుకోకండి.

---

సుజాత_ఫ్రిస్కో | జనవరి 18, 2026

పండగ అయ్యాక రాద్దామని ఆగాను.

ఇప్పుడు డోసు 1.1 మిల్లీలీటర్లు, రెండుసార్లు. నవంబరులో రెండు వారాలు మరీ మగతగా ఉన్నాడు. స్కూల్లో డెస్క్ మీదే పడుకునేవాడు. నేను ఆపేద్దామన్నాను కూడా. డాక్టరు క్లోబజామ్ తగ్గించాక తేరుకున్నాడు. నెల రక్తపరీక్షలో లివర్ లెక్క కొంచెం పెరిగింది, మళ్లీ చేస్తే దిగింది. అందుకే పూర్తి మోతాదుకి ఇంకా వెళ్లలేదు.

డిసెంబరులో 88 గీతలు. 143 నుంచి. ఆగలేదు. భోగినాడు రెండుసార్లు పడ్డాడు. కానీ సంక్రాంతి రోజు గడిలో ఒక్క గీత లేదు. ఆ గడిలో పుష్య బహుళ తిథి అచ్చు చదవగలిగాను. హెల్మెట్ ఇంకా ఉంది.

పద్మజా, నీ పాప కాగితం పూర్తయిందా? శ్రీచిత్రకి వెళ్లే తేదీ వస్తే చెప్పు. ఏ మందు ఎప్పుడు ఆపారో నీకు గుర్తు రాకపోతే, పాత మందుల చీటీలన్నీ ఫోటో తీసి నాకు పంపు. రాత్రి వీడు పడుకున్నాక కూర్చుని తేదీల వారీగా నేను రాసిపెడతాను.

---

పద్మజ_గుంటూరు | జనవరి 19

అక్కా, పంపుతున్నాను. 61 చీటీలున్నాయి. కొన్ని తడిసిపోయాయి.